బోస్టన్ ఫెర్న్ మన ఇళ్ళలో ఏడాది పొడవునా పచ్చగా ఉండాలంటే ఏం చేయాలి?

నర్సరీ నుంచి తెచ్చిన రోజున గుబురుగా, లేత ఆకుపచ్చగా కళకళలాడిన ఫెర్న్ మొక్క నెల తిరిగేసరికి చివర్లు మాడిపోయి, ఆకులు రాలిపోయి, ఈనెలు మాత్రం మిగిలిన చీపురులా ఎందుకు తయారవుతోందని చాలామంది అడుగుతున్నారు. వెంటనే మరో మాట కూడా అంటారు: "రోజూ మానకుండా నీళ్ళు పోస్తూనే ఉన్నామండీ." చాలా ఇళ్ళలో అసలు కారణం రోజూ పోసే ఆ నీళ్ళలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో మిగతా విషయాలకంటే నీటి గురించే ఎక్కువ రాశాను. మీరు తక్కినవన్నీ పక్కన పెట్టినా 4వ మెట్టును మాత్రం పూర్తిగా చదవండి.

ముందుగా మీ దగ్గరున్నది బోస్టన్ ఫెర్నేనా అన్నది చూసుకోండి. పూలగుత్తులలో పెట్టే, సన్నని సూదుల్లాంటి ఆకులతో మెత్తగా కనిపించే ఆస్పరాగస్ ఫెర్న్‌ను కూడా చాలాచోట్ల ఫెర్న్ అనే అమ్ముతారు. అది ఫెర్న్ కాదు, మన శతావరి ప్రజాతికి చెందిన మొక్క. దాని కాండానికి చిన్న ముళ్ళుంటాయి, వేళ్ళు నీటిని దాచుకుంటాయి కాబట్టి అది కొంత ఎండను ఓర్చుకుంటుంది. దానికి సరిపోయిన పెంపకం దీనికి సరిపోదు. ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నవారికి ఈ తేడా ఇంకా ముఖ్యం. బోస్టన్ ఫెర్న్ వాటికి హాని చేయదు, ఆస్పరాగస్ ఫెర్న్ కాయలు తింటే వాటికి వాంతులు, విరేచనాలు అవుతాయి.

బోస్టన్ ఫెర్న్ శాస్త్రీయ నామం నెఫ్రోలెపిస్ ఎక్సాల్టేటా. అమెరికా ఖండపు ఉష్ణమండల ప్రాంతాలలో, ఫ్లోరిడా చిత్తడి అడవులలో పుట్టిన ఈ జాతి మొక్కలు 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు వెళ్ళినప్పుడు, వాటిలో ఒకటి మిగతావాటిలా నిటారుగా నిలబడక విల్లులా వంగి కనిపించిందట. ఇప్పుడు మనం వేలాడగట్టి పెంచుకుంటున్న రకం దాని సంతతే. చిత్తడి నేల, చెట్ల నీడ, తేమగాలి దాని పుట్టింటి వాతావరణమని గుర్తుంచుకుంటే కింద చెప్పేవన్నీ సులభంగా అర్థమవుతాయి.

ఒక చిన్న వివరణ. ఫెర్న్‌లో మనకు కొమ్మలా కనిపించేది నిజానికి ఒక్క పొడవాటి ఆకు. దానిని ఇక్కడ రెమ్మ అని, ఈనెకు రెండు వైపులా వరుసగా ఉండేవాటిని చిట్టాకులు అని అంటాను.

కావలసినవి

- అడుగున రంధ్రాలున్న 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ లేదా వేలాడే కుండీ. మట్టికుండీ అందంగా ఉన్నా గోడలనుంచి తేమను ఆవిరి చేస్తుంది కాబట్టి హైదరాబాదు, అనంతపురం వంటి పొడి ప్రాంతాలలో వేసవిలో దానితో వేగడం కష్టం. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాలవారు నిరభ్యంతరంగా వాడవచ్చు.
- కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఆకుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి గుళికలు). పెర్లైట్ దొరకకపోతే బఠాణీ గింజంత ఇటుక ముక్కలు లేదా కట్టెబొగ్గు ముక్కలు.
- ఉప్పు, సున్నం తక్కువగా ఉన్న నీళ్ళు.
- పదునైన కత్తెర, దూది, సర్జికల్ స్పిరిట్.
- వీలైతే నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు. చిన్న పెన్నులా ఉండే ఈ పరికరం తప్పనిసరి కాదు గాని, బోరునీళ్ళు వాడే ఇంట్లో ఎంతో ఉపయోగపడుతుంది.

1. మొక్కను చూసి ఎంచుకోండి

పైకి కనిపించే గుబురును చూసి మోసపోకుండా, మధ్యలో రెమ్మలను రెండు చేతులతో విడదీసి మొదలును చూడండి. అక్కడ వెంట్రుకల్లాంటి గోధుమరంగు పొలుసులతో, గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉన్న లేత మొగ్గలు మూడు నాలుగైనా కనిపిస్తే అది ఎదుగుతున్న మొక్క. అవి లేకుండా పొడవాటి రెమ్మలు మాత్రమే ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఆ మొగ్గలను వేలితో మాత్రం తాకవద్దు. అవి ఎంత సున్నితమంటే కాస్త నలిగినా ఆ రెమ్మ వంకరగా విచ్చుకుంటుంది, లేదా అక్కడే నల్లబడి ఆగిపోతుంది.

కడియం, కడియపులంక వంటి చోట్ల నర్సరీలలో ఈ మొక్కలు షేడ్‌నెట్ కింద, చుట్టూ వందల మొక్కల తేమ మధ్య పెరుగుతాయి. అక్కడినుంచి నేరుగా మన హాలులోకి వచ్చిన మొక్క మొదటి రెండు మూడు వారాలు కొన్ని పాత చిట్టాకులను రాల్చడం సహజం. ఆ కంగారులో ఎరువు వేయడం, రోజుకొక చోటికి మార్చడం చేయవద్దు.

2. చోటు నిర్ణయించండి

పగటిపూట లైటు వేయకుండా దినపత్రిక హాయిగా చదువుకోగలిగే చోటు, కాని ఎండ నేరుగా పడని చోటు కావాలి. తూర్పు కిటికీ పక్కన ఉదయం 8 గంటలలోపు పడే లేత ఎండ మంచిదే. పడమటి బాల్కనీ మాత్రం వద్దు. మధ్యాహ్నం 12 గంటలకు ఆకుల మీద ఒక అడుగు ఎత్తున చేయి చాచి నీడను చూడండి. అంచులు చెదిరిన మసక నీడ పడితే చోటు సరైనది. నీడ కత్తితో కోసినట్లు స్పష్టంగా ఉంటే ఎండ ఎక్కువ, నీడే పడకపోతే వెలుతురు చాలదు.

ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట పెట్టవద్దు. వంటగదిలో పొయ్యి దగ్గర కూడా వద్దు. కిటికీ ఉన్న స్నానాలగది దీనికి చాలా ఇష్టమైన చోటు.

3. మట్టి మార్చండి, కాని తెచ్చిన రోజే కాదు

ఇల్లు అలవాటు కావడానికి 10 నుంచి 15 రోజులు ఇచ్చి ఆ తరువాత కుండీ మార్చండి. నర్సరీ సంచిలో బంకమట్టి గట్టిగా ముద్దకట్టి ఉండి నీళ్ళు లోపలికి దిగకపోతే మాత్రం అంతకాలం ఆగవద్దు.

కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, ఆకుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, పెర్లైట్ లేదా ఇటుక ముక్కలు ఒక పాలు కలపండి. కొబ్బరి పొట్టును కలపడానికి ముందు రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండాలి. అందులో సహజంగానే ఉప్పు ఉంటుంది, దానిని కడగకుండా వాడటం కొనితెచ్చుకున్న కష్టమే. ఎర్రమట్టి ఒక్కటే నింపడం ఇంకొక సాధారణమైన పొరపాటు. నాలుగు నెలలకు అది ఇటుకలా బిగుసుకుపోతుంది, ఈ మొక్క సన్నని వేళ్ళు అందులో ఊపిరి తీసుకోలేవు.

కొత్త కుండీ పాతదానికంటే రెండు అంగుళాలు మాత్రమే పెద్దదిగా ఉండాలి. రెమ్మలు పుట్టే మొదలు మట్టితో సమానంగా ఉండాలి గాని మట్టిలో పూడిపోకూడదు. అంచునుంచి ఒక అంగుళం ఖాళీ వదిలితేనే పోసిన నీళ్ళు పొంగిపోకుండా నిదానంగా దిగుతాయి.

4. నీళ్ళు: ఏ నీళ్ళు, ఎప్పుడు, ఎలా

ఏ నీళ్ళన్నదే మొదటి ప్రశ్న. మూడేళ్ళ క్రితం ఒకే రోజు, ఒకే నర్సరీలో రెండు మొక్కలు తెచ్చి, ఒకదానికి బోరునీళ్ళు, ఇంకొకదానికి ఏసీ నుంచి పట్టిన నీళ్ళు పోశాను. ఇది పరిశోధన కోసం చేసింది కాదు, ఒక మొక్క ఏసీ గొట్టానికి దగ్గరగా ఉండటం వల్ల అలా జరిగిపోయింది, అంతే. రెండు నెలలకు మొదటి కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. గోటితో గీకితే సున్నంలా పొడి రాలింది. ఆ మొక్కలో ప్రతి చిట్టాకు కొన అగ్గిపుల్ల తగిలించినట్లు మాడి ఉంది. రెండోదానిలో అలాంటి కొన ఒక్కటీ లేదు. అప్పటినుంచి ఫెర్న్ మాడిపోతోందని ఎవరు చెప్పినా, ముందు కుండీ అంచు చూడమంటాను.

తాగునీటిలో కరిగిన లవణాలకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అది మనకు సంబంధించిన లెక్క. ఫెర్న్ వేళ్ళు మనంత ఓర్పు గలవి కావు, 200 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చునన్నది నా అనుభవం. రంగారెడ్డి, నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాలలో చాలా బోర్లు దీనికి ఎంతో ఎక్కువ చూపిస్తాయి. మీకున్న మార్గాలు ఇవి:

వాన నీళ్ళు అన్నిటికంటే మంచివి. మొదటి వానకు డాబా కడుక్కుపోయాక వచ్చే నీళ్ళను పట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా మూత గట్టిగా పెట్టి దాచుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవే కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఏసీ సర్వీసింగు చేయించిన రోజున మాత్రం పట్టవద్దు, శుభ్రం చేసే రసాయనం అందులోకి దిగుతుంది. ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే మంచినీళ్ళు పోయవచ్చు. అదే యంత్రం బయటికి వదిలే నీళ్ళను వృథా కాకూడదని కుండీలలో పోయడం చాలా ఇళ్ళలో చూశాను. ఉద్దేశం మంచిదే గాని, మంచినీటినుంచి వేరుచేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే చేరుతుంది. వాటిని ఇల్లు తుడవడానికి వాడండి, ఫెర్న్‌కు చుక్క కూడా వద్దు.

అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇంకొక హెచ్చరిక. బోరునీటి గరుకుతనం పోవడానికి పెట్టే సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని బదులు సోడియంను వదులుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది కాబట్టి నీళ్ళు మెత్తబడ్డాయనుకుంటాం. ఫెర్న్‌కు ఆ సోడియం సున్నంకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. బకెట్లో పట్టి ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గాని లవణాలు పోవు, మరిగించినా ఉప్పు పోదు. వేరే దారి లేనివారు సగం బోరునీళ్ళు, సగం ఆర్‌ఓ నీళ్ళు కలిపి పోయండి.

బియ్యం కడిగిన నీళ్ళు ఈ కుండీలో పోయవద్దు. ఎప్పుడూ తడిగా ఉండే కొబ్బరి పొట్టులో ఆ గంజి పులిసి, బూజు పట్టి, చిన్న నల్లదోమలు చేరతాయి. ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయండి.

ఇక ఎప్పుడు అన్న ప్రశ్న. "వారానికి ఇన్నిసార్లు" అనే లెక్క పెట్టుకోకండి. చూపుడువేలిని మొదటి కణుపు దాకా మట్టిలోకి దించి చూడండి. పైపొర ఆరడం మొదలై, వేలి కొనకు చల్లటి తేమ తగిలితే అదే నీళ్ళు పోయవలసిన సమయం. వేలికి తడి మట్టి అంటుకుంటే మర్నాడు చూడండి. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి కుండీని ఎత్తి బరువు గుర్తు పెట్టుకోండి. పది రోజులలో మీ చేతికే తూకం తెలిసిపోయి, వేలు పెట్టే పని తప్పుతుంది. హైదరాబాదులో వానాకాలంలో మూడు నాలుగు రోజులకొకసారి, మే నెలలో రోజూ పోయవలసి రావచ్చు.

ఎలా అంటే, అడుగు రంధ్రాలనుంచి నీళ్ళు కారేదాకా కుండీ చుట్టూ నిదానంగా పోసి, 20 నిమిషాల తరువాత కింది పళ్ళెంలో మిగిలినవి పారబోయండి. రోజూ అర గ్లాసు పోసే పద్ధతి రెండు విధాల చెరుపు. అడుగు వేళ్ళకు తడి అందదు, ఉప్పు కొట్టుకుపోకుండా పేరుకుంటుంది. నెలకొకసారి కుండీ పరిమాణానికి మూడింతల మంచినీళ్ళు పోసి మట్టిని కడిగేయండి.

హెచ్చరిక: కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి, పైనుంచి పోసిన నీటిని వెంటనే పీల్చుకోలేకపోవచ్చు. మీరు పోసిన నీళ్ళు గోడ వెంట జారి అడుగునుంచి కారిపోతాయి, తడిసిందనుకుని మీరు వెళ్ళిపోతారు, లోపలి వేళ్ళముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. ఊరికి వెళ్ళి వచ్చిన ఇళ్ళలో మొక్క చనిపోయేది ఎక్కువగా ఇలాగే. అనుమానం వస్తే కుండీని బకెట్ నీళ్ళలో అంచు దాకా ముంచి, బుడగలు రావడం ఆగేవరకు, సుమారు అరగంట ఉంచి తీయండి.

5. గాలిలో తేమ

ఆకుల మీద నీళ్ళు చిలకరించడం అందరూ చేసే పనే గాని, ఆ తడి పది నిమిషాలకే ఆరిపోతుంది. బోరునీళ్ళు చిలకరిస్తే తెల్లటి మచ్చలు కూడా మిగులుతాయి. అంతకంటే నాలుగైదు మొక్కలను దగ్గరదగ్గరగా చేర్చి పెట్టడం మేలు, ఒకదాని తేమ ఇంకొకదానికి ఉపయోగపడుతుంది. ఎయిర్ కూలర్ ఉన్న గది ఫెర్న్‌కు బాగా నప్పుతుంది, గాలి నేరుగా తగలకుండా పక్కకు పెడితే చాలు. ఏసీ గది దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆ గాలిలో తేమ తగ్గిపోతుంది. అమెరికాలో ఉన్నవారికి ఈ చిక్కు చలికాలంలో వస్తుంది. హీటరు గాలి మన ఏప్రిల్ గాలికంటే పొడిగా ఉండవచ్చు కాబట్టి, అక్కడ ఆ మూడు నాలుగు నెలలు హ్యూమిడిఫయర్ పెట్టడమే నికరమైన దారి.

6. ఎరువు

తక్కువ వేయడమే మంచిది. మృగశిర కార్తె మొదలుకొని అక్టోబరు చివరి వరకు నెలకొకసారి, నీటిలో కరిగే 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండేది) లీటరుకు అర గ్రాము కలిపి, ముందే తడిగా ఉన్న మట్టిలో పోయండి. అది వద్దనుకుంటే రెండు నెలలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైన చల్లితే సరిపోతుంది. చలికాలంలో, నడివేసవిలో ఏమీ వేయవద్దు. పచ్చి పేడ, డబ్బా మీద రాసిన పూర్తి మోతాదు రెండూ వేళ్ళను కాలుస్తాయి.

7. ఆకు వెనుక చుక్కలు కనిపిస్తే ముందు పరీక్షించండి

"ఆకుల కింద గోధుమరంగు పురుగులు పట్టాయి, ఏ మందు కొట్టాలి?" అని ఫొటోలు పంపేవారు ఎందరో. ఫెర్న్‌కు పూలు, గింజలు ఉండవు. గింజల బదులు చిట్టాకు వెనుక ఈ చుక్కలలో పొడిలాంటి బీజాంశాలు పుడతాయి. తేడా ఇలా చూడండి. బీజాంశాల చుక్కలు చిట్టాకు అంచు వెంట రెండు వరుసలుగా, కొలిచి పెట్టినట్లు సమాన దూరంలో ఉంటాయి. పొలుసు పురుగులైతే వరుస లేకుండా ఈనె మీద, కాడ మీద ఎక్కడబడితే అక్కడ అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే పెచ్చులా లేచివస్తాయి, ఆకు జిగటగా ఉంటుంది.

నిజంగా పొలుసు పురుగో, తెల్లటి పిండినల్లో పడితే దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి ఒక్కొక్కదాన్నే తుడవండి. మరీ ఎక్కువగా పట్టిన రెమ్మను మొదలుకంటా కోసేయండి. వేపనూనెతో సహా ఏ నూనె మందైనా ఫెర్న్ ఆకును మాడ్చే అవకాశం ఉంది కాబట్టి, ముందు ఒకే రెమ్మ మీద కొట్టి మూడు రోజులు చూశాకే మిగతా మొక్క మీద వాడండి.

8. పిల్ల మొక్కలు

కుండీ అంచునుంచి ఆకుల్లేని పచ్చటి దారాలు కిందికి వేలాడటం చూసి, కలుపు అనుకుని కత్తిరించేస్తారు. అవి ఈ మొక్క పిలకలు పెట్టే తీగలు. ఒక తీగ మధ్యభాగాన్ని పక్కనున్న చిన్న కుండీలో తడి మట్టికి ఆనించి, హెయిర్‌పిన్నుతో గుచ్చి ఉంచితే కొన్ని వారాలలో అక్కడ పిల్ల మొక్క లేస్తుంది. దానికి మూడు నాలుగు రెమ్మలు వచ్చాకే తీగను కోయండి. గుబురు బాగా ఎదిగి కుండీ పట్టని మొక్కను రెండుగా విడదీయాలనుకుంటే వానలు పడి గాలి చల్లబడిన జూన్, జులై నెలలలో చేయండి.

వేసవి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక ఫెర్న్ సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిల్ మొదటివారంలోనే బాల్కనీ నుంచి ఇంటిలోపలి చల్లటి మూలకు మార్చండి. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటాక కొత్త రెమ్మలు రావడం దాదాపు ఆగిపోతుంది. అది జబ్బు కాదు, ఆ రోజులు గడవనివ్వండి. వేలాడే కుండీని దించి నేల మీద పెట్టినా తేడా తెలుస్తుంది, పైకప్పు దగ్గర గాలి ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. నాలుగు రోజులు ఊరు వెళ్ళవలసి వస్తే వెడల్పాటి టబ్బులో తడి ఇసుక పోసి, కుండీని రెండు అంగుళాల లోతున అందులో కూర్చోబెట్టి, నీడలో ఉంచి వెళ్ళండి.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మాడిన కొన మళ్ళీ పచ్చబడదు. ఇది తెలియక, అన్నీ సరిచేశాక కూడా పాత ఆకులనే చూస్తూ చాలామంది నిరాశ పడతారు. మార్పు చేసిన రోజున అప్పుడే విచ్చుకున్న ఒక రెమ్మ ఈనెకు రంగు దారాన్ని వదులుగా కట్టి, తేదీ రాసుకోండి. ఆ తరువాత పుట్టిన రెమ్మలను మాత్రమే చూడండి. ఎనిమిది వారాల తరువాత ఆ కొత్తవాటి కొనలు శుభ్రంగా ఉంటే మీ నీళ్ళు, మీ చోటు సరిపోయాయి. కొనలు మళ్ళీ మాడితే నీటిని అనుమానించండి. కొత్త రెమ్మలు పాలిపోయి పొట్టిగా వస్తే ఎండ ఎక్కువైంది. సన్నగా సాగి, చిట్టాకులు దూరం దూరంగా ఉంటే వెలుతురు చాలడం లేదు. మట్టి తడిగా ఉన్నా మొక్కంతా పసుపు రంగుకు తిరుగుతుంటే కుండీనుంచి తీసి వేళ్ళు చూడండి. నల్లగా, మెత్తగా ఉన్న వేళ్ళను కోసేసి మట్టి మార్చాలి. అడుగున ఒకటి రెండు పాత రెమ్మలు పండితే మాత్రం పట్టించుకోనక్కరలేదు, మొదలుకంటా తీసేయండి.

పూర్తిగా ఎండిపోయిందనుకున్న మొక్కను వెంటనే పారేయవద్దు. రెమ్మలన్నిటినీ మొదలునుంచి రెండు అంగుళాలు వదిలి కత్తిరించి, కుండీని పైన చెప్పినట్లు బకెట్లో నానబెట్టి, నీడలో పెట్టి, పలచటి ప్లాస్టిక్ సంచిని గుడారంలా వదులుగా కప్పండి. రోజుకొకసారి సంచి తీసి కాసేపు గాలి ఆడనివ్వండి, మట్టి ఆరకుండా, చిత్తడి కాకుండా చూడండి. మొదలు గట్టిగా ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాలలో చుట్టుకున్న పచ్చటి మొగ్గ కనిపిస్తుంది. పది వారాలు దాటినా ఏమీ లేక, మొదలు నొక్కితే మెత్తగా దిగిపోతుంటే ఇక ఆశ లేదు. ఆ కుండీలో ఇంకొక ఫెర్న్ పెట్టే ముందు, అంచున ఉన్న తెల్లటి పొరను వెనిగర్‌తో నానబెట్టి తోమి, మంచినీళ్ళతో కడిగేయండి.